ఆటస్థలానికి చందా

కనుమనాడు జగ్గన్నతోటకు ప్రభలు తరలే తీరు మన జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరి ఆ తోటలో పదకొండు ఊళ్ల రుద్రులు కలుసుకుంటారు. గంగలకుర్రు ప్రభలు పచ్చని చేలకు అడ్డంపడి, కౌశిక దాటి వస్తాయి. నీళ్లలో భుజాలు మార్చుకుంటూ, ప్రభ ఒరగకుండా కుర్రకారు ఒడ్డుకు చేరుస్తారు. చేను తొక్కారని ఏ రైతూ తగువుకు రాడు. 2023 గణతంత్ర దినోత్సవంనాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే.

అంత బరువును కాలువ దాటించగల ఊళ్లు మనవి. చక్రాల కుర్చీలో ఉన్న ఒక పిల్లవాణ్ణి మాత్రం బడి వెనకనున్న ఆటస్థలం దాకా చేర్చలేకపోతున్నాం. దారిలో ఒక చప్టా, ఒక మెట్టు, పశువులు రాకుండా పెట్టిన ఒక మెలిక గేటు, ఆ తర్వాత చక్రం దిగబడే ఇసుక. అడ్డం వచ్చేవి ఈ నాలుగే.

ద్రాక్షారామం సంగతే తీసుకుందాం. గోదావరికి ఇవతల ఒడ్డున, రామచంద్రపురం మండలంలో ఉన్న ఈ ఊరు 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కోనసీమ జిల్లాలో చేరింది. పంచారామాలలో ఒకటి కనుక ఏడాది పొడుగునా యాత్రికులు వస్తారు. గుడి ఉన్న ఊరే ఔలియా దర్గా కూడా ఉన్న ఊరు. ఏ ఉత్సవం వచ్చినా, ఏ ఉరుసు వచ్చినా చందాకు వెనుకాడని ఊరు. భీమేశ్వరుని ఆలయం రెండంతస్తులది. స్వామి శిరోభాగాన్ని చూడాలంటే మెట్లెక్కి పైకి వెళ్లాలి. అది శతాబ్దాలనాటి కట్టడం, పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. దానిలో ఒక రాయి కదపాలన్నా అనుమతులు కావాలి. కాని నిన్న మనం కట్టుకున్న బడికీ, మొన్న పోసిన సిమెంటు రోడ్డుకూ, రేపు చదును చేయబోయే ఆటస్థలానికీ ఆ సాకు చెల్లదు.

ఈ ఊళ్లో చక్రాల కుర్చీ పిల్లలు కూడా ఆడుకునే ఆటస్థలం ఒకటి ఊరి చందాలతో లేవాలన్నది మా సూచన. ద్రాక్షారామంలో లేస్తే చుట్టుపక్కల ఊళ్లకూ ఉపయోగపడుతుంది. బస్సు సౌకర్యం ఉన్నది, నలుగురూ వచ్చిపోయే చోటు.

"ఎంతమంది ఉంటారండీ అలాంటి పిల్లలు?" అని వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు, అంటే నూటికి ఇద్దరికి పైగా. అప్పటికి చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడే. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. ఊరికి ఎంతమంది అన్న లెక్క ఇంటింటికీ తిరిగితేనే తేలుతుంది. వీధిలో కనబడరు కాబట్టి లేరని అనుకోవడం మనకు అలవాటయింది. ఆడుకునే చోటు ఉంటేగదా వారు వీధిలో కనబడేది!

ఒక తరం క్రితం ఈ మాట ఎత్తితే అందరికీ గుర్తొచ్చేది పోలియో. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన కేసు లేదు. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో లేని ప్రాంతంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. చుక్కల మందు పట్టుకుని గట్ల వెంట, లంకల వెంట తిరిగిన ఆరోగ్య కార్యకర్తల కష్టం అది. దానితో సమస్యే తీరిపోయిందని చాలామంది అనుకుంటారు. పుట్టుకలో మెదడుకు ప్రాణవాయువు అందక కాళ్లూ చేతులూ బిగుసుకుపోయినవారు, ఏడెనిమిదేళ్ల వయసు నుంచి కండరాలు క్షీణించిపోయేవారు, వెన్నెముక లోపంతో పుట్టినవారు, రోడ్డు ప్రమాదంలోనో కొబ్బరిచెట్టు మీదినుంచి పడో నడుము కింద చచ్చుబడినవారు నేటికీ ఉన్నారు. పోలియో పిల్లవాడు కర్ర ఊతంతోనైనా ఆట దగ్గరకు వచ్చి నిలబడేవాడు. వీరిలో చాలామందికి కుర్చీ తప్పదు, ఆ కుర్చీని తోసే మనిషి కూడా కావాలి.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం న్యాయం కాదు. 2024 జులై నుంచి రాష్ట్రంలో వికలాంగుల పింఛను ఆరు వేలు అయింది. పూర్తిగా మంచానికీ, కుర్చీకీ పరిమితమైనవారికి పదిహేను వేలు. కాన్పూరులో 1972లో స్థాపించిన కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో తయారుచేసే కుర్చీలు, మూడు చక్రాల బళ్లు శిబిరాలలో ఇస్తున్నారు. ప్రత్యేక అవసరాల పిల్లలకు భవిత కేంద్రాలు ఉన్నాయి. బడికి రాలేని పిల్లలకు ఇంటివద్దనే పాఠం చెప్పే ఏర్పాటు ఉన్నది. ఇవన్నీ మంచివే. అయితే ఇంటివద్ద చదివే పిల్లవాడి పేరు బడి హాజరుపట్టీలో ఉంటుంది, ఆటల పీరియడులో మాత్రం ఉండదు. పింఛనుతో మందు వస్తుంది, పాలు వస్తాయి. తోటి పిల్లలు రారు. సాయంత్రం అయిదు గంటలకు అరుగు మీద కూర్చుని, ఎక్కడినుంచో వినిపించే కేకలను బట్టి ఎవరు ఔటయ్యారో ఊహించుకునే పిల్లవాడికి ఏ పథకం కిందా స్నేహితుణ్ణి మంజూరు చేయలేం.

పేరు విషయమై ఒక మాట. మా చిన్నతనంలో పలికిన పేర్లు ఇక్కడ రాయదగినవి కావు. తరువాత వికలాంగులన్నాం, ఇప్పుడు దివ్యాంగులంటున్నాం. గౌరవంగా పిలవడం మంచిదే గాని, పేరు మారినంత మాత్రాన మెట్టు ఎత్తు తగ్గదు గదా!

ఇక చందాల సంగతి. మన పల్లెల్లో చందా వసూలు చేయడం ఒకరు నేర్పవలసిన విద్య కాదు. రామకోవెలకు, తీర్థానికి, అన్నసంతర్పణకు, శ్మశానం దారికి, బడి ప్రహరీకి వేసుకుంటూనే ఉన్నాం. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఆకలిగొన్నవారికి వేళాపాళా లేకుండా పెట్టిన గడ్డ ఇది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి భోజనానికి ఆమె పేరే పెట్టింది. పెట్టే చేయి మనకు కొత్త కాదు. కాని ఈ చందాలో ఒక చిక్కున్నది. దానిని ముందే తేల్చుకోవాలి.

తీర్థానికి ఇచ్చేది భక్తి కొద్దీ, సంతర్పణకు ఇచ్చేది పుణ్యం కొద్దీ. వికలాంగుల పిల్లలకు అనేసరికి "అయ్యో పాపం" అని ఇస్తారు. ఈ "అయ్యో పాపం" చందాతో కట్టిన ఆటస్థలంలో ఆ పిల్లలు దయమీద ఆడుకునేవారవుతారు. చట్టం అలా అనడం లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్నది. మిగతా పిల్లలతో సమానంగా ఆటపాటల అవకాశం కల్పించడం విద్యాసంస్థల విధి అని 16వ సెక్షను చెబుతున్నది. క్రీడా వసతులను వీరికి అనువుగా మార్చాలని 30వ సెక్షను చెబుతున్నది. భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్య సమితి ఒడంబడికలో వికలాంగులైన పిల్లల ఆట హక్కును విడిగా పేర్కొన్నారు. 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు, సౌలభ్య ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోరాదనీ, తప్పనిసరిగా పాటించవలసిన నిబంధనలు ఉండాలనీ తీర్పు చెప్పింది.

అటువంటప్పుడు ఊరు చందా ఎందుకు వేసుకోవాలి, ప్రభుత్వమే కట్టాలి గదా అంటారు కొందరు. మాట సమంజసమే. కాని ఆ వాదన నెగ్గేసరికి ఇవాళ పదేళ్ల పిల్లవాడికి మీసాలు వస్తాయి. హక్కును అడగడం మానకుండానే ఊరు తన చేయి వేయాలి. జాగా పంచాయతీది కావాలి, రోడ్డు నుంచి జాగా వరకు బాట ప్రభుత్వ నిధులతో పడాలి, లోపలి ఏర్పాటు చందాతో జరగాలి. ఈ వాటాలు ముందే కాగితం మీద పెట్టుకోకపోతే, "ఊరివాళ్లే కట్టుకుంటున్నారు గదా" అని అధికారులు తప్పుకుంటారు. మన ఉదారత వారికి సెలవు చీటీ కాగూడదు.

అసలు ఎంత జాగా కావాలి? చాలామంది భయపడేంత అక్కర్లేదు. బోచా అని ఒక ఆట ఉన్నది. తెల్లబంతిని ముందు వేసి, ఎర్ర, నీలం బంతులను దానికి వీలైనంత దగ్గరగా విసరాలి. గోళీలాడిన పిల్లలకు పది నిమిషాల్లో వంటబడుతుంది. చేయి సరిగా స్వాధీనంలో లేనివారు వాలుపలక మీదుగా బంతిని దొర్లించవచ్చు. 1984 నుంచి పారాలింపిక్సులో ఉన్న ఆట ఇది. దీని బరి పన్నెండున్నర మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, అంటే రెండు సెంట్ల లోపు. కుర్చీలో కూర్చుని ఆడే బాస్కెట్ బాల్‌కు మామూలు కోర్టే సరిపోతుంది, రింగు ఎత్తు కూడా అదే. దానికి పది సెంట్లు పైచిలుకు పడుతుంది. బరుల చుట్టూ ఖాళీ, నీడ, మరుగుదొడ్డి, నీళ్ల కుళాయి కలుపుకున్నా ఇరవై సెంట్లలో సర్దుకోవచ్చు. ఒక మోస్తరు కల్యాణ మండపం జాగా.

జాగా కన్నా నేల ముఖ్యం. మన ఒండ్రునేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దానిమీద తిన్నగా పలకలు పరిస్తే రెండు వానాకాలాలకే ఎగుడుదిగుడవుతాయి, చిన్న ముందుచక్రాలు వాటిలో ఇరుక్కుని కుర్చీ బోల్తా కొడుతుంది. ఇసుక నింపి, గ్రావెల్ వేసి, తొక్కించి, ఆ పైన కాంక్రీటు పోయాలి. గోదావరి పొంగులు, తుపానులు చూసినవారికి మెరక చేయమని చెప్పనక్కర్లేదు. మెరక చేశామంటే వాలు ఉండాలి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు వాలు. ఇది కంటి లెక్క కాదు, నియమం. బడులలో ఎన్నికల కోసం హడావిడిగా పోసే ర్యాంపులు కొన్ని చూడండి. అడుగు ఎత్తుకు నాలుగడుగులు కూడా ఉండదు, దానిమీద కుర్చీ ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు తోయాలి, దింపాలంటే ముగ్గురు పట్టుకోవాలి. అలాంటిది కట్టేకన్నా మెట్టు ఉండడమే మేలు, దాన్ని చూసి మోసపోము.

కుర్చీ చుట్టూ తిరగడానికి అయిదడుగుల చోటు, గేటుకు మూడడుగుల తెరుపు. పశువులు రాకూడదంటే తిరుగుడు గేటు పెట్టకుండా మామూలు తలుపే పెట్టి, మూసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకోవాలి, పట్టుకునే కడ్డీ ఉండాలి. ఇది లేనిచోటికి ఆడపిల్లను ఏ తల్లీ పంపదు, రెండు గంటలు ఆడి దాహమేసినా నీళ్లు తాగవద్దని చెప్పి పంపవలసి వస్తుంది. నీడకోసం వేప, కానుగ నాటుకోండి. కోనసీమలో ఉండి కొబ్బరిచెట్టు వద్దనడం బాగుండదు గాని, కాయ రాలేచోట పక్కకు తప్పుకోలేని పిల్లలను కూర్చోబెట్టరాదు. ఉన్న చెట్లకు వేళకు దింపు తీయించాలి.

మరొక ముఖ్యమైన సంగతి. ఇది "వికలాంగుల ఆటస్థలం" కాకూడదు. అందరి ఆటస్థలం, అందులో కుర్చీ కూడా తిరిగేది కావాలి. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, శాన్ ఆంటోనియోలో గోర్డన్ హార్ట్‌మన్ అనే ఆయన తన కూతురు మోర్గన్ ఈతకొలనులో తోటి పిల్లలను పలకరించబోతే వారు బయటకు వెళ్లిపోవడం చూశాడు. ఆ బాధతో దాతలను కూడగట్టి 2010లో మోర్గన్స్ వండర్‌లాండ్ అనే ఆటల ఉద్యానవనం తెరిచాడు. అక్కడ వైకల్యం ఉన్నవారికి ప్రవేశం ఉచితం, మిగతావారు టిక్కెట్టు కొని వస్తారు. మిగతావారు రావాలన్నదే దాని ఉద్దేశం. అంత పెద్దది మనకు అక్కర్లేదు. బెంగుళూరులో కిలికిలి అనే సంస్థ తల్లిదండ్రుల చొరవతో మొదలై, నగరపాలక సంస్థతో కలిసి కోల్స్ పార్కులో అందరు పిల్లలూ కలిసి ఆడుకునే స్థలం ఏర్పాటు చేసింది. విశాఖపట్నం బీచ్ రోడ్డులో స్మార్ట్ సిటీ పథకం కింద ఇటువంటి పార్కు ఒకటి కట్టారు. కాని ద్రాక్షారామం పిల్లవాడికి విశాఖ నాలుగైదు గంటల ప్రయాణం, ఏడాదికి ఒకసారి వెళితే అది విహారయాత్ర. ఆటంటే రోజూ ఉండాలి.

ఆటతో ఏమొరుగుతుందనేవారు కూడా ఉంటారు. 1948 జులై 29న ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్, వెన్నెముక దెబ్బతిన్న పదహారుమంది చేత విలువిద్య పోటీ ఆడించాడు. పారాలింపిక్సు అక్కడే పుట్టింది. 1965 యుద్ధంలో తూటాలు తగిలి కాళ్లు చచ్చుబడిన మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో ఈతలో బంగారు పతకం తెచ్చాడు. గుజరాత్ పల్లెటూరి పిల్ల భావినా పటేల్ కుర్చీలోనే టేబుల్ టెన్నిస్ ఆడి టోక్యోలో రజతం గెలిచింది. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024 పారిస్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఆమెకు కుర్చీ అవసరం లేదు, మేధోపరమైన లోపం అనే విభాగంలో పరిగెత్తింది. చిన్నప్పుడు ఆ పిల్లను, ఆమె తల్లిదండ్రులను ఊరివాళ్లు ఎన్నెన్ని మాటలన్నారో పతకం వచ్చాక పత్రికలన్నీ రాశాయి. అయితే పతకాలు తెస్తారనే ఆటస్థలం కట్టమనడం లేదు. మామూలు పిల్లల ఆటస్థలాలకు మనం పతకాల లెక్క అడుగుతున్నామా?

డబ్బు ఎక్కడినుంచి అన్నది చివరకు వచ్చే ప్రశ్న. వెయ్యి గడపలు నెలకు ఇరవై రూపాయలు వేస్తే ఏడాదికి రెండు లక్షల నలభై వేలు. పెద్ద దాత ఒకరు మొత్తం ఇచ్చి పేరు పెట్టించుకునే దానికన్నా ఇదే మేలని మా అభిప్రాయం. ఇరవై రూపాయలిచ్చిన ఇల్లు గేటు విరిగితే అడుగుతుంది. గల్ఫులో కష్టపడుతున్నవారు, అమెరికాలో స్థిరపడినవారు ఊరికి ఆర్చీలు, మండపాలు కట్టించడం చూస్తున్నాం. అమెరికాలో ఉన్నవారు అక్కడి పార్కుల్లో కుర్చీలు తిరగడం చూసే ఉంటారు, 1990 నుంచి అక్కడ దానికి చట్టం ఉన్నది. వారి సాయం తీసుకోవాలి. కాని ఒక జాగ్రత్త ఉన్నది. భారత పౌరుడిగానే ఉన్నవారు విదేశంలో సంపాదించుకున్న సొమ్ము బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, 2010 చట్టం ప్రకారం రిజిస్ట్రేషను లేకుండా తీసుకోరాదు. మంచి పనికి పూనుకుని చిక్కుల్లో పడవద్దు.

మన నేలలోని గ్యాసు, చమురు తీస్తున్న సంస్థలు ఉన్నాయి. కంపెనీల చట్టం 2013 ప్రకారం అవి లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ చట్టం ఏడవ షెడ్యూలులో గ్రామీణ క్రీడలు, పారాలింపిక్ క్రీడలు పేరుపెట్టి ఉన్నాయి. అడిగేవారు కాగితాలతో అడగాలి. అందుకు కమిటీ 2001 సంఘాల చట్టం కింద రిజిస్టరయి ఉండాలి. రసీదు పుస్తకాలకు వరుస నంబర్లు, బ్యాంకులో ముగ్గురి సంతకాల ఖాతా, నెలనెలా జమాఖర్చు పంచాయతీ బోర్డు మీద ఉండాలి. కమిటీలో ఈ పిల్లల తల్లులు కనీసం ముగ్గురు ఉండాలి. వేదికమీద దండలు వేయించుకోవడానికి కాదు, ప్లాను మీద సంతకం పెట్టడానికి. కుర్చీ ఎక్కడ ఇరుక్కుంటుందో ఇంజనీరు కన్నా వారికి తెలుసు.

వసూలైన దానిలో నాలుగో వంతు బ్యాంకులో కదపకుండా ఉంచాలి. కట్టడం అయిదారు నెలల పని, గేటుకు నూనె పెట్టడం, పగిలిన కాంక్రీటు అతకడం, మరుగుదొడ్డి కడగడం ఏళ్ల తరబడి సాగే పని. ప్రారంభోత్సవం నాటి ఫొటోలు తప్ప మరేమీ మిగలని ఆటవస్తువులు మన ఊళ్లలో ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

ముందుగా జరగవలసినవి రెండే. ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు కలిసి ఊళ్లో ఇటువంటి పిల్లలు ఎవరెవరి ఇళ్లలో ఉన్నారో చూసి, వారు ఏ ఆట ఆడాలనుకుంటున్నారో వారినే అడగాలి. గ్రామసభ జాగా కేటాయిస్తూ తీర్మానం చేయాలి. సర్వే నంబరుతో సహా ఆ తీర్మానం నకలు చేతికి వచ్చిన తరువాతనే రసీదు పుస్తకాలు అచ్చు వేయించాలి. అంతవరకు ఎవరి దగ్గరా ఒక్క రూపాయి వసూలు చేయరాదు.